అరవై కుండీలు, వంద రోజులు: ఎరువుల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టకముందు

ఎరువుల ప్రకటనల్లో ఎప్పుడూ రెండు మొక్కలుంటాయి. ఎడమవైపుది పాలిపోయి, కుడివైపుది నిగనిగలాడుతూ. కుడివైపు మొక్కకి ఏం వేశారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎడమవైపు మొక్కకి ఏం వేశారో మాత్రం ఎక్కడా రాయరు. అసలేమీ వెయ్యలేదా? సగమే వేశారా? నీళ్లైనా సరిగ్గా పోశారా? నాకు మొదటినుంచీ ఆ ఎడమ మొక్క మీదే అనుమానం. ఈ ప్రాజెక్టు దాని కోసమే.

పని రెండు భాగాలు. ఒకటి, ఒక్కో పోషకాన్ని కావాలని తీసేసి, లోపం ఆకు మీద ఎలా మొదలవుతుందో రోజూ చూడటం. దీనికి 30 చిన్న కుండీలు. రెండోది, కొత్త రకం ఎరువుల్ని పాత పద్ధతితో పక్కపక్కన పెట్టి చూడటం. దీనికి 8 లీటర్ల కుండీలు మరో 30. రెండింట్లోనూ టమాటాయే. లోపం వస్తే దాచుకోలేని మొక్క అది, అందుకే ఎంచుకున్నాను. తూకాలు, ఫొటోలు, రాత నావి. నీళ్లు, లేబుళ్లు, వెక్కిరింపులు మా తమ్ముడివి.

రోజు 1

పెర్లైట్ (మట్టి బదులు వాడే తేలికపాటి తెల్ల రాతి పలుకులు) కడగడంతోనే పూట గడిచిపోయింది. లోపాల కుండీల్లో మట్టి వాడకూడదు, మట్టిలో ఏదో ఒక మూల అన్నీ ఉంటాయి. పెర్లైట్‌లో మొక్కకి అందేదంతా మనం పోసే ద్రావణంలోంచే అందాలి.

ద్రావణానికి మొక్కల శాస్త్రవేత్తలు హోగ్లాండ్, ఆర్నన్ 1938లో ఇచ్చిన లెక్కే తీసుకున్నాను. పూర్తి బలంలో లీటరుకి నత్రజని 210 మిల్లీగ్రాములు, పొటాషియం 235, భాస్వరం 31. నారు చిన్నది కాబట్టి సగం బలంతో మొదలు.

ఒక మూలకాన్ని తీసెయ్యడం అనుకున్నంత తేలిక కాదని ఇవాళే తెలిసింది. నత్రజని వద్దని కాల్షియం నైట్రేట్ మానేస్తే, దాంతోపాటు కాల్షియం కూడా పోతుంది. అందుకని దాని బదులు కాల్షియం క్లోరైడ్. పొటాషియం నైట్రేట్ బదులు పొటాషియం సల్ఫేట్. మెగ్నీషియం సల్ఫేట్ తీసేస్తే గంధకం పోతుంది, సోడియం సల్ఫేట్ కలపాలి. ఇలా ప్రతిదానికీ ఒక పూడిక. కాగితం మీద ఈ లెక్కలు వెయ్యడానికే నిన్న రాత్రంతా పట్టింది.

మొక్కకి తప్పనిసరి అని తేలిన మూలకాలు 17. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచీ నీళ్ల నుంచీ వస్తాయి. మిగతా 14లో నేను తీసేస్తున్నవి తొమ్మిది: నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, బోరాన్, జింక్, మాలిబ్డినం. పదో వరస అన్నీ ఉన్నది. ఒక్కోదానికి మూడు కుండీలు.

రోజు 3

పెద్ద కుండీల కోసం కొబ్బరి పొట్టు. ఒక పాఠం ఇక్కడే మొదలైంది, రాసి పెట్టుకోవాలి.

పొట్టుని డిస్టిల్డ్ నీళ్లతో మూడుసార్లు కడిగాను. కారిన నీటి ఇ.సి. (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) 0.4కి దిగింది. శుభ్రమైపోయిందనుకున్నాను. ఎందుకో అనుమానమొచ్చి, చారెడు పొట్టు విడిగా తీసి కాల్షియం నైట్రేట్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున వడకట్టిన నీళ్లని పరీక్ష కిట్‌తో చూస్తే, నేను వెయ్యని పొటాషియం బోలెడంత కనపడింది. అదెక్కడిది? పొట్టు నారల మీద పొటాషియం, సోడియం అంటుకుని ఉంటాయి. నీళ్లతో ఎంత కడిగినా వదలవు. కాల్షియం వచ్చి తోస్తేనే ఆ చోటు ఖాళీ చేస్తాయి. అలా ఖాళీ చేయించకుండా మొక్క నాటితే మనం వేసే కాల్షియం, మెగ్నీషియం ముందు పొట్టుకే పోతాయి, మొక్కకి మిగిలేది తక్కువ.

అంటే అనుమానం రాకపోయుంటే, రేపు 30 కుండీల్లోనూ కాల్షియం లోపం వచ్చేది. నేను దాన్ని ఏదో ఒక ఎరువు నెత్తిన రుద్దేదాన్ని. మొత్తం పొట్టుని కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టి మళ్లీ కడిగాం. రెండు రోజులు వెనకబడ్డాం, పోనీ.

రోజు 6

పెద్ద కుండీల్లో ఆరు వరసలు, ఒక్కో వరసకి ఐదు కుండీలు.

వరసల పేర్లు అక్షరాలే: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ. 'అ' వరసకి ఎరువే లేదు. 'ఆ' వరసకి పాత పద్ధతి, నీళ్లలో కరిగే ఎరువు. ఇ వరసకి పూత గుళికలు. ఎరువు చుట్టూ రెసిన్ పొర ఉంటుంది, నీటి ఆవిరి లోపలికి పోయి ఎరువుని కరిగిస్తే అది నిదానంగా బయటికి ఊరుతుంది. 'ఈ' వరసకి అమోనియం సల్ఫేట్, దాంతో డి.ఎం.పి.పి. అనే నిరోధకం. అమోనియంని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాని అది కొన్ని వారాలు మందగింపజేస్తుంది. నైట్రేట్ నీళ్లతో కొట్టుకుపోకుండా ఉండాలన్నది ఆలోచన. ఉ వరసకి పూత గుళికలు సగమే వేసి, మిగతా సగం బదులు ఆకుల మీద చల్లే కొత్త రకం, అతి సన్నటి (నానో) కణాల ద్రవ నత్రజని ఎరువు.

ఆ, ఇ, ఈ వరసలకి నత్రజని సమానంగా ఉండాలి, అది లేకపోతే పోలికే లేదు. 15 శాతం నత్రజని ఉన్న పూత గుళికలు కుండీకి 32 గ్రాములు, అంటే నత్రజని 4.8 గ్రాములు. అమోనియం సల్ఫేట్‌లో 21 శాతం కాబట్టి దాదాపు 23 గ్రాములు, మూడు విడతలుగా. కరిగే ఎరువు లీటరుకి 150 మిల్లీగ్రాముల నత్రజని ఉండేలా కలిపితే, వంద రోజుల్లో 32 లీటర్లు పొయ్యాలి. భాస్వరం, పొటాష్, సూక్ష్మ పోషకాలు అన్నిటికీ సరితూగేలా విడిగా. కాల్షియం కోసం అందరికీ ఒకే కొలత జిప్సం.

ఊ వరస నా ఆలోచన కాదు. లేబుళ్లు రాస్తూ తమ్ముడు అడిగాడు.

"అక్కా, ఉ వాటికి ఆకుల మీద స్ప్రే కొడతావు కదా. ఆకు తడిసి, దుమ్ము పోయి పచ్చగా కనపడితే అది ఎరువు వల్లనని ఎలా చెప్తావు?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఊ వరస: గుళికలు సగం, పిచికారీ వట్టి నీళ్లు. నా ఎడమ మొక్క పుట్టింది వాడి నోట్లోంచి.

కుండీల్ని వరసలవారీగా పెట్టలేదు. ఆరు వరసల నుంచి ఒక్కోటి తీసి ఐదు గుంపులు చేసి, గుంపులో చీటీలు తీసి చోటు నిర్ణయించాం. ఎండ తగిలే వైపు ఒకే ఎరువు పడితే అది గెలిచిందో, ఎండ గెలిచిందో తెలీదు. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఫిషర్ అనే గణిత మేధావి మొండికేసి నేర్పిన సంగతి ఇదే.

రోజు 9

మార్కులు వేసేది నేను, అందుకని ఏ కుండీ ఏ వరసో నాకు తెలియకూడదు. తమ్ముడు అక్షరాలు తీసేసి అంకెలు అంటించాడు. పట్టిక వాడి ఫోన్లోనే. ఎంత పకడ్బందీగా చేశామో అనుకుంటూ మొదటి కుండీ దగ్గరికి వెళ్తే, పైన పసుపు రంగు గుళికలు తళతళలాడుతూ కనపడ్డాయి. ఇంక రహస్యమేముంది! అన్ని కుండీల మీదా అంగుళం మందాన పెర్లైట్ పరిచాం.

రోజు 17 (లోపాల బల్ల)

నత్రజని లేని మూడూ తెల్లబోయాయి. కింది ఆకులు మొత్తం, ఈనెలతో సహా, లేత పసుపు. పై ఆకులు చిన్నవే గానీ ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఇనుము లేని మూడూ దీనికి పూర్తిగా తిరగబడ్డాయి. కింది ఆకులు ముదురాకుపచ్చ, చిగురు మాత్రం నిమ్మ పసుపు, దాని మీద సన్నటి పచ్చ ఈనెలు గీత గీసినట్టు.

పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, రెండు కుండీల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే బుర్రకెక్కింది. మొక్క నత్రజనిని పాత ఆకులోంచి లాగి కొత్త ఆకుకి ఇవ్వగలదు, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కూడా అంతే. అందుకే వాటి లోపం కింది నుంచి మొదలవుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ ఒకసారి ఆకులో కుదురుకున్నాక కదలవు. పాత ఆకు కడుపు నిండా ఉన్నా చిగురు పస్తుంటుంది. కాబట్టి పసుపు కనపడగానే అడగాల్సింది "ఏ రంగు?" అని కాదు, "ఏ ఆకు?" అని.

బోరాన్ కుండీల్లో చిగురు కొస నల్లబడింది. ఆకు కాడని కొంచెం వంచితే పుటుక్కున విరిగింది. బోరాన్ మొక్కకి తప్పనిసరి అని 1923లో చిక్కుడు జాతి మొక్క మీద నిరూపించింది కేథరీన్ వారింగ్టన్. ఆవిడ చూసిన ఎండిన కొస ఇలాగే ఉండి ఉంటుంది. ఇంకో మాట, బోరాన్ ద్రావణాల్ని ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంచుతున్నాను. ల్యాబ్ గాజు చాలావరకు బోరోసిలికేట్, దాంట్లోంచే బోరాన్ నీళ్లలోకి దిగుతుంది.

రోజు 24 (లోపాల బల్ల)

మెగ్నీషియం లోపం ఇప్పుడు మొదలైంది. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు, అంచు ఇంకా పచ్చ. పొటాషియం లేనివాటికి ముదురు ఆకుల అంచులు సిగరెట్టుతో కాల్చినట్టు మాడాయి. భాస్వరం లేనివి ఆకు అడుగున ఊదా రంగు తిరిగి, అసలు ఎదగనే లేదు.

జింక్ లేని కుండీలు మాత్రం హాయిగా పెరుగుతున్నాయి. మాలిబ్డినం లేనివీ అంతే.

మాలిబ్డినం సంగతి నాకు ఆశ్చర్యం కాదు. దాని అవసరాన్ని ఆర్నన్, స్టౌట్ 1939లో టమాటా మీదే నిరూపించారు గానీ, ద్రావణాన్ని ఎంతో శుద్ధి చేస్తే తప్ప సాధ్యం కాలేదు. మామూలు లవణాల్లో ఉండే మలినమే మొక్కకి సరిపోతుంది. నా బల్ల మీద అది కుదిరే పని కాదు.

జింక్ మాత్రం కుదరాలి. ఎందుకు రాలేదు? రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి నీళ్లు మోసే బకెట్ మీద కన్ను పడింది. ఇనప రేకు, దాని మీద తెల్లగా మెరిసే పూత. ఆ పూత జింకే! నెల నుంచి జింక్ లేని మొక్కలకి రోజూ జింక్ బకెట్‌తో నీళ్లు పోస్తున్నాం. తమ్ముడు నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. ప్లాస్టిక్ బకెట్ పెట్టాం. ఆ మూడు కుండీల్ని కొత్త నారుతో మళ్లీ మొదలుపెట్టాం.

రోజు 27 (పెద్ద కుండీలు)

టెన్షన్. నాలుగైదు మొక్కల్లో ఆకు అంచులు మాడి, మధ్యాహ్నం తడి ఉండగానే వడలుతున్నాయి. పొటాషియం లోపమా? లోపాల బల్ల దగ్గరికెళ్లి పోల్చాను, కాదు. ఇక్కడ లేత ఆకులకీ ఉంది.

వేళ్ల దగ్గర ఏముందో చూడాలి. కుండీకి నిండుగా నీళ్లు పోసి గంట ఆగి, పైన కొంచెం డిస్టిల్డ్ నీళ్లు పోస్తే అడుగు నుంచి ఊరే మొదటి 50 మిల్లీలీటర్లని పట్టుకుని కొలవడం నా పద్ధతి. ఇ.సి. చాలా కుండీల్లో 2.4కి అటూ ఇటూ వచ్చింది. వడలినవాటిలో 5.8. తమ్ముడు ఫోన్ చూసి తలూపాడు. అవన్నీ ఇ వరసవే, గుళికలు పూర్తిగా వేసినవి.

నిదానంగా వదలాల్సినవి ఇంత ఎందుకు వదిలాయి? సంచి వెనక చిన్న అక్షరాల్లో ఉంది: మూడు నాలుగు నెలలు, 21 డిగ్రీల దగ్గర. గుళిక విడుదలని నడిపేది ముఖ్యంగా వేడి. వేడి పెరిగితే పొరలోంచి ఊట పెరుగుతుంది. నా కుండీలు నల్లవి. థర్మామీటర్ గుచ్చితే ఎండ పడే గోడ దగ్గర 43 డిగ్రీలు, మధ్యలో 29.

కాబట్టి ఇది గుళికల తప్పు కాదు. సంచి మీద రాసిన నెలల లెక్క నా నల్ల కుండీకి పనికిరాదు, అంతే. నీళ్లు ఎక్కువ పోసి కడిగేశాను. ఇ.సి. 3 దగ్గరికి దిగింది. కానీ ఆ కడుగుడులో కొంత నత్రజని కాలవ పాలైంది, ఇ వరసకి అది నష్టమే. అలా పోయిందని నోట్ చేశాను. అన్ని కుండీలకీ తెల్ల గుడ్డ చుట్టాం.

రోజు 30

పక్కన ఇంకో బుల్లి పని మొదలుపెట్టాను. ఉండలేక.

ఇనుము కోసం అమ్మేవి చాలా రకాలు: ఫెర్రస్ సల్ఫేట్, ఇ.డి.టి.ఎ., డి.టి.పి.ఎ., ఇ.డి.డి.హెచ్.ఎ. చివరి మూడూ చెలేట్లు, ఇనుముని గోళ్లతో పట్టుకుని విడవకుండా నీళ్లలో కరిగి ఉండేలా చూస్తాయి. ఆ పట్టు పి.హెచ్. (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) మీద ఆధారపడుతుంది. ఇ.డి.టి.ఎ. పట్టు పి.హెచ్. 6.5 దాటితే సడలుతుంది, డి.టి.పి.ఎ. 7.5 దాకా నిలుస్తుంది, ఇ.డి.డి.హెచ్.ఎ. 9 దగ్గర కూడా వదలదు. ఇది నిజంగా కంటికి కనపడేంత తేడానా?

20 పెటూనియా మొక్కలు తీసుకున్నాను. పి.హెచ్. పెరిగితే ముందు పసుపెక్కే మొక్కల్లో ఇదొకటి. మిశ్రమంలో సున్నపురాయి పొడి కలిపి పి.హెచ్. 7.7కి తెచ్చాను. ఐదు వరసలు: ఏమీ లేనిది ఒకటి, నాలుగు రకాలకి నాలుగు. ఇనుము అందరికీ సమానం.

ఇ.డి.డి.హెచ్.ఎ. ద్రావణం రక్తంలా ఎర్రగా ఉంది. వెలుతురులో చెడుతుందట, సీసాకి నల్ల కాగితం చుట్టాను. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం మర్నాటికే తుప్పు రంగు తిరిగి అడుగున మడ్డి పేరుకుంది. అది మొక్క దాకా చేరకుండానే తుప్పయిపోయినట్టు.

రోజు 38

పెద్ద కుండీల్లో 14వ నంబరు. కింది ఆకుల్లో పసుపు. మెగ్నీషియం లోపమని నోట్‌బుక్‌లో రాసేశాను కూడా. తర్వాత ఆకు తిప్పి భూతద్దం పెడితే ఎర్రనల్లి! సూదిమొన చుక్కలు, సన్నటి బూజు. నెల రోజులుగా లోపాలు చూసీ చూసీ నాకు పురుగు కూడా లోపంలాగే కనపడుతోంది. ఇకనుంచి ఆకు తిప్పకుండా ఏదీ రాయను.

రోజు 42 (గుళికల లెక్క)

ఇ వరసలో ఒక కుండీలో నాటేరోజే రెండు నైలాన్ సంచులు పాతిపెట్టాను, ఒక్కోదాంట్లో 5 గ్రాముల గుళికలు. ఒకటి ఎండ గోడకి ఆనించి, ఒకటి మధ్యలో. ఇవాళ తీశాను. గుళికల్ని కడిగి, రోట్లో నలిపి, లోపల మిగిలిన ఉప్పుని ఒకే కొలత డిస్టిల్డ్ నీళ్లలో కరిగించి ఇ.సి. చూశాను. 5 గ్రాముల కొత్త గుళికలతోనూ అదే చేసి పోల్చాను.

మధ్య సంచిలో ఇంకా 55 శాతం దాకా మిగిలి ఉంది. గోడ పక్క సంచిలో 35. ఒకే కుండీ, జానెడు దూరం!

నలిపేటప్పుడు చూడ్డానికి భలే ఉంటుంది. కొన్ని గుళికలు గట్టిగా, లోపల ఇంకా కరగని ఉప్పు. కొన్ని నీటి బుడగలు, నొక్కితే పిచికారీ కొడతాయి. కొన్ని వట్టి తొక్కలు. కుండీలో గుళికలు కనపడుతున్నాయి కదా అని ఎరువు ఇంకా ఉందనుకోవడం దండగ. గిల్లి చూడాలి.

రోజు 46 (పెటూనియాలు)

రెండు వారాలకే తేలిపోయింది. ఇ.డి.డి.హెచ్.ఎ. వరస కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. డి.టి.పి.ఎ. వరస లేత పచ్చ. ఇ.డి.టి.ఎ., ఫెర్రస్ సల్ఫేట్, ఏమీ వెయ్యనివి, ఈ మూడింటినీ కలిపేస్తే నేను విడదీయలేను. క్లోరోఫిల్ మీటర్‌తో కూడా చూశాను. ఆకులోంచి ఎరుపు కాంతి ఎంత దాటిందో, పరారుణ కాంతి ఎంత దాటిందో పోల్చి అంకె చెప్పే పరికరం అది. సగటున 38, 29, 21, 19, 18. అంకెలూ కంటి మాటే చెప్పాయి.

ఇక్కడ పంతానికి పోయి, పసుపు ఆకులు, పచ్చ ఆకులు విడివిడిగా కడిగి ఆరబెట్టి పరీక్షకి పంపాను. ఫలితం చూసి మొదట తప్పు పడిందనుకున్నాను. పసుపు ఆకుల్లో ఇనుము తక్కువేం కాదు, గ్రాముకి లెక్కేస్తే కాస్త ఎక్కువే. తర్వాత చదివితే ఇది పాత చిక్కేనని తెలిసింది. సున్నం ఎక్కువున్న చోట ఆకులో ఇనుము ఉంటుంది గానీ పనికొచ్చే రూపంలో ఉండదు. పైగా పసుపు ఆకు ఎదగక చిన్నగా ఉండిపోతుంది కాబట్టి ఉన్న ఇనుమే ఎక్కువ శాతంగా కనపడుతుంది. ఈ కాగితం ఒక్కటే చూసి ఉంటే "ఇనుము లోపం లేదు" అని తేల్చేసేదాన్ని.

దానికంటే నమ్మకమైన పరీక్ష 1840లలోదే. ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రీ పాలిపోయిన మొక్కలు ఇనుము లవణంతో పచ్చబడతాయని చూపించాడు. నేనూ ఒక పసుపు ఆకుకి సగం మాత్రం పలచటి ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కుంచెతో పూశాను. ఆకుకి మిగతా సగమే ఎడమ మొక్క.

రోజు 51

పూసిన సగం మచ్చలు మచ్చలుగా పచ్చబడింది. రెండో సగం అలాగే. ఒక కుంచె, అయిదు రోజులు. ఇంత మంచి సాక్ష్యం ల్యాబ్ కాగితం ఇవ్వలేదు.

రోజు 62 (పెద్ద కుండీలు)

కాయలు పడుతున్నాయి. కొన్ని కాయల అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ. ఇది తెగులు కాదు, కాయ కొసకి కాల్షియం అందకపోవడం. కాల్షియం నీళ్లతోపాటే పైకి పోతుంది. ఆకు రోజంతా నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి వాటా లాక్కుంటుంది. కాయ ఆవిరి చేసేది తక్కువ, మిగిలిందే దానికి.

ఇప్పటిదాకా మచ్చపడ్డ కాయలు: 'ఆ' వరసలో 2, 'ఇ' వరసలో 3, 'ఈ' వరసలో 11. నీళ్లు అందరికీ ఒకటే. 'ఈ' వరస కుండీల పి.హెచ్. 4.9కి దిగింది.

కారణం ఊహించడం కష్టం కాదు. అమోనియం వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది, వేరు దాన్ని పీల్చుకుంటూ చుట్టూ ఆమ్లాన్ని పెంచుతుంది. నిరోధకం వల్ల ఆ అమోనియం ఎక్కువ రోజులు అమోనియంగానే ఉంది. నైట్రేట్ కారిపోయే పొలంలో వరమైన గుణం, ఈ ఎనిమిది లీటర్ల కుండీలో టమాటాకి శాపమైంది.

ఇది రాసి సంతోషంగా నోట్‌బుక్ మూశాను. తమ్ముడు టీకా టిప్పణి లేకుండా ఒక్క ప్రశ్న వేశాడు. "నిరోధకం లేని అమోనియం సల్ఫేట్ వరస ఏది?"

లేదు. పెట్టలేదు. ఈ 11 కాయలకి కారణం నిరోధకమా, అమోనియం సల్ఫేటేనా, నేను చెప్పలేను. దానికితోడు 'ఆ' వరసకి కరిగే ఎరువులో కాల్షియం నైట్రేట్ కూడా ఉంది, అంటే వాటికి కాల్షియం అదనంగా అందింది. అందరి ఎడమ మొక్కల్నీ అనుమానించిన నేను, నా ఎడమ మొక్కనే మర్చిపోయాను. ఆ రాత్రి అన్నింటికంటే ఎక్కువ చిరాకు పడింది దీనికే.

రోజు 70

పిచికారీ లెక్క. ఇది మొదటిరోజే చెయ్యాల్సింది.

సీసా మీద నత్రజని 4 శాతం, అంటే మిల్లీలీటరుకి 40 మిల్లీగ్రాములు. లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలపమన్నారు, అంటే లీటరుకి 160 మిల్లీగ్రాములు. మొక్కకి నేను చల్లింది 50 మిల్లీలీటర్లు, అందులో 8 మిల్లీగ్రాములు. చెప్పినట్టే మూడుసార్లు చల్లాను. మొత్తం 24 మిల్లీగ్రాములు, అదీ ఒక్క చుక్క జారకుండా అంతా ఆకులోకి దిగిందనుకుంటే.

ఉ వరసకి తగ్గించిన నత్రజని 2400 మిల్లీగ్రాములు. దాని బదులు ఇచ్చింది 24. నూటికి ఒక వంతు. ఆకు మీద చల్లింది ఎంత బాగా పీల్చుకున్నా, లేని నత్రజనిని ఏ పరిమాణంలోని కణమూ పుట్టించలేదు. ఇనుము, జింక్ లాంటివైతే మొక్కకి కావాల్సిందే మిల్లీగ్రాముల్లో కాబట్టి పిచికారీ సరిపోవచ్చు. నత్రజని గ్రాముల్లో కావాలి.

రోజు 78

జింక్ లేని కొత్త మొక్కలకి ఇవాళ ఆకులు చిన్నబోయి, కణుపులు దగ్గరపడ్డాయి. ప్లాస్టిక్ బకెట్‌కి జై.

రోజు 100

చివరి కోత. తమ్ముడు పట్టిక విప్పాడు. మొక్కకి సగటు కాయ బరువు: కరిగే ఎరువు 1.9 కిలోలు. పూత గుళికలు పూర్తిగా వేసినవి 1.6. నిరోధకం వరస 1.3, మచ్చ కాయలు తీసేశాక. సగం గుళికలకి పిచికారీ నత్రజని 1.02. సగం గుళికలకి వట్టి నీళ్లు 1.04. ఎరువు లేనివి చేతికి నాలుగేసి గోళీకాయలు.

ఉ, ఊ మధ్య తేడా 20 గ్రాములు. అదే ఊ వరసలో ఒక మొక్క 790 గ్రాములిస్తే ఇంకోటి 1240 ఇచ్చింది. అంత ఎగుడుదిగుడు ఉన్నచోట 20 గ్రాములకి అర్థం లేదు. నేను వారం వారం వేసిన మార్కులూ చూశాం. పిచికారీ చేసిన మర్నాడు ఉ మొక్కలకి మార్కులు పెరిగాయి. ఊ మొక్కలకీ సరిగ్గా అంతే పెరిగాయి. దుమ్ము పోయింది, అంతే.

గుళికల మీద తుది మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. నాలుగో వారంలో కడిగేసిన నత్రజని లేకుండా ఉంటే 1.9ని అందుకునేవేమో. కరిగే ఎరువు కోసం మేం వంద రోజులు డబ్బాలు మోశాం, గుళికలకి ఒక్కరోజు చెయ్యి పెట్టాం. ఎవరూ రోజూ చూడలేని తోటలో నేనైతే గుళికలే వేస్తాను, నల్ల కుండీ మాత్రం వాడను, సంచి మీది నెలల్లోంచి మూడో వంతు కొట్టేస్తాను.

రోజు 104

రెండో విడతకి గింజలు నానబెట్టాను. ఈసారి ఏడు వరసలు, తెల్ల కుండీలు, కాల్షియం ఏ రూపంలో వచ్చినా అందరికీ ఒకే లెక్క. ఏడో వరస లేబుల్ తమ్ముడు ముందే రాసి నా టేబుల్ మీద పెట్టాడు: "అమోనియం సల్ఫేట్, నిరోధకం లేకుండా. అక్క మర్చిపోయింది."